కూమ్, నీ సంచీ కాలిపోతోంది

బుధవారం పొద్దున నెవెన ఆఫీసుకొచ్చి కోటు విప్పకముందే స్త్రాహిన్య పిలిచి తన కంప్యూటర్ తెర చూపించాడు. వాళ్ళ ఆటలోని ఏడు తలల డ్రాగన్ అందులో పడుకుని ఉంది. నలభైమంది ఆటగాళ్ళు ఏకమై సాయంత్రమంతా పోరాడితే తప్ప నేలకూలని డ్రాగన్ అది. ఇప్పుడు తోక చుట్టుకుని, ఒక గొర్రెల కాపరి పక్కన పడుకుని, అతని మందకు కాపలా కాస్తోంది. ఒక గొర్రెపిల్ల దాని ముక్కు మీదెక్కి నిలబడినా కిక్కురుమనడం లేదు.

"ఎవరు మచ్చిక చేశారు దీన్ని?" అంది నెవెన.

"మచ్చిక కాదు. కూమ్‌ని చేసుకున్నాడు," అన్నాడు స్త్రాహిన్య బురెక్ రొట్టె నములుతూ. "నువ్వు పెట్టిన విద్యే."

నెవెన కోటుతోనే కూర్చుండిపోయింది.

నోవి సాద్‌లో డాన్యూబ్ ఒడ్డున, ఒకప్పటి చెప్పుల ఫ్యాక్టరీ పై అంతస్తులో వాళ్ళ కంపెనీ. పదిమందికి మించి లేరు. స్త్రాహిన్య ఆటను రాసే ప్రోగ్రామర్. నెవెన పని తూకం చూడటం. ఏ కత్తి మరీ ఎక్కువ కోస్తోంది, ఏ గుర్రం మరీ తొందరగా పరుగెడుతోంది, ఏది ఒకడి చేతిలో పడితే మిగతా అందరి చేతులూ కట్టేస్తోంది, ఇవన్నీ కనిపెట్టి తక్కెడ సరిచేయాలి. ఆట పేరు కొండదారి. దేశదేశాల జనం ఇంటర్నెట్‌లో చేరి, తెగలుగా విడిపోయి, ఒకరి గొర్రెల్ని ఒకరు తోలుకుపోతూ, ఒకరి కోటలు ఒకరు కూలుస్తూ ఆడే యుద్ధం అది. అందులో అందరికంటే అర్భకుడు గొర్రెల కాపరి. వాడికి కత్తి లేదు, కవచం లేదు. జాలిపడి నెవెన వాడికి కూమ్ విద్య ఇచ్చింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడు ఎదుటివాణ్ణి కూమ్ అని పిలవచ్చు. పిలిస్తే అప్పట్నుంచి ఇద్దరూ ఒకరినొకరు కొట్టుకోలేరు, ఒకడికి తగిలిన దెబ్బ ఇద్దరూ చెరిసగం పంచుకుంటారు.

కూమ్ అంటే మా వైపు చిన్న మాట కాదు. పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడేవాడు కూమ్, బిడ్డను చర్చిలో ఎత్తుకుని పేరు పెట్టేవాడు కూమ్. ఆడదైతే కుమ. అన్నదమ్ములు అరెకరం పొలం కోసం కోర్టుకెక్కడం రోజూ చూసేదే, కూమ్ మీద కోర్టుకెక్కినవాడికి మాత్రం ఊళ్ళో ఎవరూ కాఫీ కూడా పొయ్యరు. ఇక ఎవరైనా వచ్చి నాకు కూమ్‌గా ఉండు అని అడిగితే కాదనడమన్నది లేనేలేదు.

నెవెన ఆ విద్యను పుస్తకాల్లోంచి తేలేదు. ఆమె ముత్తాత రిస్తా కొండల్లో గొర్రెలు కాసేవాడు. అవతలి ఊరి ఒబ్రాద్ పొట్టేళ్ళు రెండు తమంతట తామే తన మందలో కలిశాయని రిస్తా అనేవాడు. ఒబ్రాద్ నమ్మలేదు. ఒకనాడు కొండదారిలో ఎదురుపడి తుపాకీ గురిపెట్టాడు. రిస్తా మోకాళ్ళ మీద పడి, దేవుడి మీద, పవిత్ర యోవాన్ మీద ఆన, నువ్వు నాకు కూమ్‌వి అన్నాడు. తుపాకీ దిగింది. అప్పటికి రిస్తాకు పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. అంటే ఆ తుపాకీ దిగబట్టే నెవెన తాత పుట్టాడు, నాన్న పుట్టాడు, నెవెన పుట్టింది. అప్పట్నుంచి రెండు కుటుంబాలూ కూమ్‌లే. రిస్తా ఏమన్నాడో రెండిళ్ళలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఒబ్రాద్ తుపాకీ దించుతూ ఏమన్నాడో మాత్రం ఎవరూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి నెవెనకు ఆ సంగతి తెలుసుకోవాలని ఒకటే దురద.

కొండదారిలో మిగతావన్నీ పదిమందీ కలిసి కట్టినవి. కూమ్ ఒక్కటే ఆమె సొంతం. అందుకే డ్రాగన్ని చూసి ఆమెకు భయమేసింది. ఒక విద్య ఇంతలా తక్కెడ విరగ్గొడితే దాన్ని ఆటలోంచి పీకేయడమే ఈ వృత్తిలో మామూలు.

మొదట మోసమనుకుంది. ఆ కాపరి చేసిందంతా మొదటి నుంచి తిప్పి చూసింది. అతను పోర్చుగల్‌వాడు. ఆటలో పెట్టుకున్న పేరు ఉల్లిపాయ. మోసం ఎక్కడా లేదు. శత్రువు కోట దగ్గరికి ఒంటరిగా వెళ్ళడం, తన్నులు తినడం, కొనప్రాణంతో ఉన్నప్పుడు కొట్టేవాణ్ణి కూమ్ అని పిలవడం. లేచి మళ్ళీ ఇంకొకడి దగ్గరికి. ఇద్దరు పంచుకుంటే దెబ్బ సగం, మూడొందల మందితో పంచుకుంటే దోమ కుట్టినంత. కోటలో సైన్యమంతా కూమ్‌లైపోయాక కోట అతనిదే. పేరున్న ప్రాణి దేన్నయినా కూమ్ అని పిలవచ్చని నెవెనే రాసింది, నానమ్మ కథల్లో తోడేళ్ళనూ పాముల్నీ పిలిచేవాళ్ళు కాబట్టి. డ్రాగన్‌కి పేరుంది. అతన్ని చూసి మిగతా కాపరులు కూడా నేర్చేసుకున్నారు. అప్పటికే మంచుకొండల నుంచి సముద్రం దాకా అందరూ అందరికీ కూమ్‌లు. గొడ్డళ్ళు పక్కనపడేసి మంటల చుట్టూ కూర్చుని కబుర్లాడుకుంటున్నారు.

మరి విడుదలకు ముందు నెలలపాటు ఆఫీసంతా కూర్చుని ఆడి పరీక్షించారే, అప్పుడెందుకు బయటపడలేదు? నెవెనకు అదే అంతుపట్టలేదు. పాత లెక్కలు తీసి చూస్తే అప్పట్లో ఆటలోకెల్లా పనికిరాని విద్య కూమే. ఎవరూ వాడటం లేదని ఆమే దానికి ఇంకాస్త బలం పెంచింది కూడా. ఒక్కొక్కరినీ అడిగింది. శత్రువును కూమ్‌ని చేసుకోవాలని నీకెందుకు తోచలేదు? స్త్రాహిన్య తల గోక్కున్నాడు. శత్రువును కూమ్‌ని చేసుకుంటే ఇక బతికున్నన్నాళ్ళూ వాడింటి పండక్కి వెళ్ళొద్దూ, అన్నాడు. మూడొందల మందిని చేసుకోవడం సంగతి అడిగితే, ఏడాదికెన్ని పండగలవుతాయో నువ్వే చూసుకో అన్నాడు. ఆట అని అందరికీ తెలుసు. అయినా ఎవరికీ చెయ్యి రాలేదు.

కంపెనీ యజమాని వుకాషిన్ మధ్యాహ్నానికల్లా గాలివానలా వచ్చాడు. మనిషి ఆబోతులా ఉంటాడు, గొంతు అంతకంటే పెద్దది. తన ఫ్లాట్ తాకట్టు పెట్టి ఈ ఆట తెచ్చాడు కాబట్టి ఆ గొంతుకు కారణం లేకపోలేదు.

"మనం అమ్మేది యుద్ధం, తల్లీ," అన్నాడు. "జనం కొట్టుకోడానికి వస్తే ఇక్కడ పెళ్ళి విందు నడుస్తోంది. సోమవారానికల్లా సరిచెయ్యి. లేదంటే ఆ కూమ్‌ని వేళ్ళతో సహా పీకేస్తా."

మామూలుగా ఇలాంటిది సరిచేయడం నెవెనకు మంచినీళ్ళు తాగినంత పని. బలం సగం చేయాలి, గడువు పెట్టాలి. గురువారమంతా అదే చేసింది. బలం తగ్గిస్తే కాపరి చచ్చిపోతున్నాడు, కొంచెం పెంచితే మళ్ళీ డ్రాగన్ గొర్రెలు కాస్తోంది. చివరికి పది నిమిషాల గడువు పెట్టి చూసింది. "పది నిమిషాల కూమేంటి నెవెనా, టాక్సీనా?" అన్నాడు స్త్రాహిన్య. ఆమె సిగ్గుపడి తీసేసింది.

శుక్రవారం ఆమె కొత్త కాపరి వేషం కట్టి ఉల్లిపాయను వెతుక్కుంటూ బయల్దేరింది. ఆ మనిషి ఎలాంటివాడో చూడాలనిపించింది. డ్రాగన్ ఉన్న కొండ మీదే దొరికాడు. మర్యాదస్తుడు. ఒంట్లో ఎప్పుడూ కొనప్రాణమే ఉంచుకుంటాడు కాబట్టి, ఆమెను చూడగానే గొర్రెపిల్లనిచ్చి, కూమ్ అని పిలిచాడు. తెర మీద ఇద్దరి పేర్లూ కలిసిపోయాయి. ఆమె వేలు కూడా కదపలేదు.

ఇంతమందిని చేసుకుని ఏం చేస్తావు అని ఆమె రాసింది.

"ఏమో," అని జవాబొచ్చింది. "ఎంతమంది దాకా సాగుతుందో చూద్దామని. ఎవరూ వద్దనరు. వద్దనడానికి బటనే లేదు, గమనించావా?"

నెవెన గమనించలేదు. ఆటలో స్నేహానికి పిలిస్తే వద్దు అనే బటనుంది. బేరానికి పిలిస్తే ఉంది. మల్లయుద్ధానికి పిలిస్తే కూడా ఉంది. కూమ్‌కి లేదు. లేచి స్త్రాహిన్య దగ్గరికి వెళ్ళింది.

"కూమ్‌కి వద్దు బటన్ ఎందుకు పెట్టలేదు నువ్వు?"

"దేన్ని వద్దనడానికి?"

"కూమ్‌ని."

స్త్రాహిన్య ఆమె మొహంలోకి చూశాడు. "కూమ్‌ని ఎవరైనా వద్దంటారా?" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. బొమ్మలు గీసే అమ్మాయిని అడిగితే ఆమె కూడా అదే మాట అంది. ఆ విద్య కాగితం మీది రాత మొదలు తెర మీది బొమ్మ దాకా పదిమంది చేతుల మీదుగా వెళ్ళింది, ఒక్కరికీ ఆ బటన్ తట్టలేదు. నెవెనకు నవ్వొచ్చింది. బటన్ పెడితే ఆట నిలబడుతుంది, అది ఇట్టే తేలిపోతుంది. కానీ ఆ కొండదారిలో ఒబ్రాద్ చేతికి ఆ బటనుంటే తనే లేదు.

వుకాషిన్‌కి ఆ సంగతి చెప్పకుండా శనివారం కారెక్కింది. ఆదివారం ఆమె ఒక బాప్తిస్మానికి వెళ్ళాలి. ఒబ్రాద్ ముని మనవరాలు యాగొదకు కొడుకు పుట్టాడు. కుమగా రమ్మంది. వస్తావా అని అడగలేదు, ఎప్పుడో చెప్పింది, అంతే.

కొండ ఊళ్ళోని చిన్న చర్చిలో నెవెన తెల్లటి నార బట్టలో బిడ్డను పట్టుకుని నిలబడింది. పిల్లవాడు చెవులు చిల్లులు పడేలా ఏడ్చాడు. ఫాదర్ గారు నాలుగు వెంట్రుకలు కత్తిరించారు. పేరు నెవెనే చెప్పింది, దమ్యాన్ అని. చేతులు నొప్పెట్టినా దింపబుద్ధి కాలేదు. ఇదంతా అయి గుమ్మం దాటిందో లేదో, ఊళ్ళో పిల్లలు పదిహేనుమంది చుట్టుముట్టి ఒకటే కేకలు.

"కుమా, నీ సంచీ కాలిపోతోంది! కుమా, నీ సంచీ కాలిపోతోంది!"

మర్చిపోయింది. పట్నంలో ఉండి ఉండి ఆ సంగతే మర్చిపోయింది. కూమ్‌ని చూసి పిల్లలు అలా అరవాలి, కూమ్ చిల్లర చల్లాలి. చల్లనివాడి సంచీ నిజంగానే కాలిపోయిందని ఏడాదిపాటు ఊరంతా ఆడిపోసుకుంటుంది. నెవెన బిడ్డను యాగొదకు అందించి పర్సులో ఉన్నదంతా గుమ్మరించింది. పిల్లలు కోడిపిల్లల్లా ఏరుకుని మళ్ళీ అరిచారు. కోటు జేబులు దులిపింది. మళ్ళీ అరిచారు. చివరికి ఇటు జేబూ అటు జేబూ బయటికి లాగి, ఏమీ లేదర్రా అని చూపించింది.

యాగొద వాళ్ళ బామ్మ స్తమెన చర్చి ముందు వేసిన విందు బల్ల చివర కూర్చుని అదంతా చూసి కడుపుబ్బ నవ్వింది. తొంభై దగ్గరపడుతోంది, నోరు మాత్రం ఇరవైలో ఉంది.

"మీ ముత్తాత దగ్గర నేర్చుకోవాల్సింది అమ్మాయ్," అంది. "రిస్తా సంచీ మా పెళ్ళిళ్ళలో ఎన్నిసార్లు కాలిందో. మా ఇల్లు తగలబడిన ఏడు తన ఎద్దుల్నే ఇచ్చేశాడు. ఏటా మా గడ్డి కోతకు వచ్చేవాడు. రాని ఏడాది లేదు, గొణక్కుండా పోయిన ఏడాదీ లేదు. ఒక్క కూమ్‌ని మోసేసరికే నడుం వంగిపోయింది పాపం."

నెవెన చేతిలోని రకియా సారా గ్లాసు అక్కడే ఆగిపోయింది. ఒక్క కూమ్. ఉల్లిపాయకు మూడొందలమంది. ఆఫీసులో ఎవరికీ చెయ్యి ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. వాళ్ళు బరువు చూసి ఆగారు. ఆ బరువు ఆటలో లేదు, వాళ్ళ ఒంట్లో ఉంది. తాను పిలవడం రాసింది, మొయ్యడం రాయలేదు.

ఉత్సాహం పట్టలేక, బామ్మా, ఆ రోజు ఒబ్రాద్ తాత తుపాకీ దించుతూ ఏమన్నాడు అని పాత ప్రశ్న కూడా అడిగేసింది.

"ఎవరికి తెలుసు?" అంది స్తమెన. "చెప్పుకోదగ్గ మాటైతే మావాళ్ళు చెప్పుకోకుండా ఉంటారా?"

సోమవారం పొద్దున్నే నెవెనా స్త్రాహిన్యా కూర్చుని కొత్త నియమం రాశారు. కూమ్ అయినవాళ్ళు ఎవరైనా, ఎప్పుడైనా, నీ సంచీ కాలిపోతోంది అని కేక వెయ్యొచ్చు. కేక విన్నవాడు తనకున్నదాంట్లో ఒక వంతు తీసి చల్లాల్సిందే. ఒకరో ఇద్దరో కూమ్‌లున్నవాడికి అదొక ముచ్చట. వుకాషిన్ విని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక, వద్దు బటన్ కూడా పెట్టండి అన్నాడు. బటన్ లేదన్న సంగతి ఆ పాటికి ఉల్లిపాయ లోకమంతా చాటేశాడు. నెవెన వాదించింది. అతను వినలేదు. రెండూ పెట్టండి, శుక్రవారం దాకా చూసి అప్పుడు చెప్తా, ఉంచాలో పీకాలో అన్నాడు.

ఆ సాయంత్రం ఉల్లిపాయ కొండ చుట్టూ మూడొందలమంది కూమ్‌లు చేరి కేకలేశారు. గొర్రెలు పోయాయి, కోటలు పోయాయి. అతనికి పరుగెత్తే దారి లేదు, ఎటు చూసినా కూమ్‌లే. డ్రాగన్ కూడా ఒక కేక వేసింది. ఏడు నోళ్ళతో వేసింది. గంట తిరక్కుండా అతనికి ఒక గొర్రెపిల్ల మిగిలింది. నెవెన కాపరి ఒక్కతే కేక వేయలేదు.

"నువ్వెందుకు అరవలేదు?" అని రాశాడు ఉల్లిపాయ.

"నాకు నువ్వొక్కడివే కూమ్‌వి," అని రాసింది.

అతను ఆ గొర్రెపిల్లను తోలుకొచ్చి ఆమె మందలో వదిలాడు.

తక్కెడ నిలబడింది. యుద్ధాలు మళ్ళీ మొదలయ్యాయి. నెవెన రెండు రోజులు గాల్లో తేలింది. గురువారం లెక్కలు చూస్తే కొత్తగా కూమ్ అయినవాళ్ళే కనబడలేదు. కారణం వెతకనక్కర్లేదు. పిలిచిన ప్రతి ఒక్కరికీ ఎదుటివాడు వద్దు బటన్ నొక్కుతున్నాడు. గొడ్డలి పైకెత్తినవాడికి, కిందున్నవాడు ఇక మూడు దెబ్బల్లో పోతాడని తెలిసినవాడికి, వద్దు అనడం ఎంతసేపు?

"చూశావా," అన్నాడు వుకాషిన్ శుక్రవారం పొద్దున ఆమె బల్ల దగ్గర నిలబడి. గొంతులో కోపం లేదు, జాలి ఉంది, అది ఇంకా ఘోరం. "ఎవరికీ అక్కర్లేని విద్య ఉంచి ఏం లాభం? తీసేద్దాం."

"తీయాల్సింది ఆ బటన్ని," అంది నెవెన. "సంచీ ఉంది కదా, ఎవరూ ఊరికే పిలవరు. బరువు తెలిసి పిలిచినవాడికి వద్దనే మాట ఉండకూడదు."

"మనిషన్నాక వద్దనే హక్కుండాలి నెవెనా. మనలాంటివాళ్ళే కాదు, లోకమంతా ఆడుతోంది."

"నీకుందిగా ఆ హక్కు. ఒకసారి వాడి చూపించు. వాడావంటే నేనే పీకేస్తా, నా చేత్తో."

వుకాషిన్‌ని ఆట ముందు కూర్చోబెడితే చాలు, కాదనడు. ఎదురు బల్ల దగ్గర కూర్చుని ఆటలో తాను ఆడే దొరను బయటికి తీశాడు. ఇనప కవచం, నిలువెత్తు గొడ్డలి. నెవెన కాపరి తన రెండు గొర్రెల్నీ వదిలేసి ఎదురెళ్ళింది. మొదటి దెబ్బకు పడింది, లేచింది, రెండో దెబ్బకు మళ్ళీ పడింది. ఆఫీసులో అందరూ కుర్చీలు జరుపుకుని వచ్చారు. స్త్రాహిన్య బురెక్ పక్కన పెట్టాడు. కొనప్రాణం మిగిలింది. వుకాషిన్ గొడ్డలి లేచింది.

ఆట అని నెవెనకూ తెలుసు. అయినా కీబోర్డు నొక్కడం మానేసి, తెర మీదుగా అతని మొహంలోకి చూసి నోటితోనే అంది.

"దేవుడి మీద, పవిత్ర యోవాన్ మీద ఆన, నువ్వు నాకు కూమ్‌వి."

తర్వాత మీట నొక్కింది. వుకాషిన్ తెర మీద రెండు బటన్లు లేచాయి. ఎర్రది వద్దు, పచ్చది సరే. అతను మౌస్ పట్టుకుని ఎర్రదాని మీదికి వెళ్ళాడు. అక్కడే ఆగాడు. మెడ ఎర్రబడింది. చుట్టూ ఉన్నవాళ్ళకేసి చూశాడు, ఎవరూ సాయం రాలేదు.

"నువ్వు పెట్టమన్న బటనే కదా," అంది నెవెన. "నొక్కు."

"నోర్ముయ్, కుమా," అన్నాడు వుకాషిన్. ఆ తర్వాత అచ్చులో వేయలేని మాట ఇంకొకటి అన్నాడు, ఆమె తల్లినీ ఆటనూ పవిత్ర యోవాన్‌నీ కలిపి. అంటూనే పచ్చ బటన్ నొక్కాడు.

వెనక నుంచి స్త్రాహిన్య, "కూమ్, నీ సంచీ కాలిపోతోంది," అని మెల్లగా అన్నాడు. వుకాషిన్ చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. చిల్లర తీసి బల్ల మీద విసిరికొట్టి, ఆ దిక్కుమాలిన బటన్ తీసి పారేయండి అని గొణుక్కుంటూ తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

నెవెన నాణేలు ఏరుకుంటోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వస్తోంది. ఆ రోజు కొండదారిలో తుపాకీ దించుతూ ఒబ్రాద్ ఏమన్నాడో, రెండిళ్ళలో ఎందుకు ఎవరూ చెప్పలేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది.